ఐదు నిమిషాలు చూసి గంట రాశాను

నాకు రాయడం కొత్త. ఐదో తరగతితో బడి ఆగిపోయింది. తప్పులుంటే మా అమ్మాయి దిద్దుతానంది. అక్షరాలు దిద్దుకో, సంగతి మాత్రం దిద్దొద్దు అని చెప్పాను.

ఇది చర్చిలో సాక్ష్యంగా చెబుదామని రెండు ఆదివారాలు లేచి నిలబడ్డాను. మొదటిసారి నా కాలి పుండు మానిందని చెప్పి కూర్చున్నాను. రెండోసారి మా అమ్మాయి పరీక్ష పాసైందని చెప్పాను. రెండుసార్లూ అందరూ స్తోత్రం అన్నారు. ఆ మాట వింటుంటే తల ఎత్తలేకపోయాను. చర్చిలో నోటితో కాని పని చేత్తో అవుతుందేమో చూద్దామని కాగితం తీసుకున్నాను.

మాది ముదినేపల్లి పక్కన ఒక ఊరు. ఇరవై ఏళ్లు చేపపిల్లల్ని లెక్కపెట్టడం నా పని. రైతులు చెరువుల్లో వదలడానికి పిల్లల్ని కొంటారు. మేం సీడు అంటాం. వేలకు వేలు ఉండే పిల్లల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం ఎవరివల్లా కాదు. అందుకని చిల్లుల గిన్నెతో కొలుస్తాం. ఒక గిన్నెడు తీసి, నీళ్లున్న పళ్లెంలో పోసి, ఆ ఒక్క గిన్నె మాత్రం పిల్ల పిల్లా లెక్కపెడతాం. మిగతావన్నీ గిన్నెల లెక్కే. ఎన్ని గిన్నెలు పోస్తే అన్ని రెట్లు. ఏ గిన్నె లెక్కపెట్టాలో మాత్రం కొనే రైతు చెప్పాలి, మేం చెప్పకూడదు. అది ఆ పనిలో కట్టుబాటు. నేను గిన్నె పట్టుకుంటే రైతులు గట్టు మీద చెట్టు నీడన కూర్చునేవాళ్లు, దగ్గరికొచ్చి చూసేవాళ్లు కాదు. వాడి చెయ్యి తక్కెడ అనేవాళ్లు. ఆ మాట నా తలకెక్కింది.

పొద్దస్తమానం నీళ్లలో నిలబడి కాళ్లు పాడయ్యాయి. వేళ్ల సందుల్లో పుళ్లు మానేవి కావు. డాక్టరు ఇక నీళ్లలో దిగొద్దన్నాడు. ఇంట్లో ఊరికే కూర్చున్న రోజుల్లో మా బావమరిది ఒక పని ఉందన్నాడు. అతను ఒక సర్వే కంపెనీకి కారు తోలతాడు. రోడ్డు మీద నడిచే మనుషుల్ని లెక్కపెట్టాలట. లెక్క అనగానే నేను చొక్కా వేసుకున్నాను. మనుషుల్ని లెక్కపెట్టడం కూడా ఒక పనేనా అని మా ఆవిడ నవ్వింది.

అక్కడ పని నేర్పించిన ఇంజనీరు సారు చిన్నవాడు. మా అబ్బాయంత ఉంటాడు. అయినా మమ్మల్నందరినీ అండీ అనే పిలిచేవాడు. రోడ్డు మధ్యలో డివైడరు కడతారని, ఏ చోట ఎంతమంది అడ్డంగా దాటుతున్నారో తెలిస్తే అక్కడ మాత్రం సందు వదులుతారని చెప్పాడు. జనం దాటని చోట గోడ మూసేస్తారు. మేం రాసే కాగితాన్ని బట్టే సందు ఉండేదీ పోయేదీ.

లెక్కపెట్టే పద్ధతి ఇదీ. ఎవరి దారికీ అడ్డం రాని చోట నిలబడాలి. రోడ్డుకి అటొక గుర్తు, ఇటొక గుర్తు పెట్టుకోవాలి. కరెంటు స్తంభం కావచ్చు, కొట్టు మెట్టు కావచ్చు. ఆ రెంటి మధ్య తాడు కట్టినట్టు అనుకోవాలి. తాడు దాటినవాళ్లకి ఒక నొక్కు. మా చేతికి ఒక చిన్న డబ్బా ఇచ్చారు, బొటనవేలితో నొక్కితే అంకె ఒకటి పెరుగుతుంది. సగం దాకా వచ్చి వెనక్కి పోయినవాళ్లని లెక్కపెట్టకూడదు. సైకిలు ఎక్కి పోయేవాడు లెక్కలోకి రాడు, దిగి నడిపించుకుంటూ పోయేవాడు వస్తాడు. చంకలో బిడ్డ ఉంటే ఇద్దరు. పావుగంటకోసారి కాగితంలో గడి నింపి, డబ్బాని సున్నాకి తిప్పి మళ్లీ మొదలుపెట్టాలి. మగవాళ్లకి ఒక గడి, ఆడవాళ్లకి ఒకటి, ముసలివాళ్లకి ఒకటి, నెత్తినా చేతిలోనూ బరువున్న వాళ్లకి ఒకటి. బరువున్నవాళ్లు అందరికంటే ముఖ్యం అన్నాడు సారు, వాళ్లు చుట్టూ తిరిగి పోలేరు కాబట్టి.

నేను చెయ్యెత్తి, ఐదు నిమిషాలు లెక్కపెట్టి మిగతాది రెట్లు కట్టేస్తే సరిపోదా అని అడిగాను. సరిపోదండీ, రోడ్డు మీద జనం ఒకేలా రారు అన్నాడు. ఈ పిల్లవాడు లెక్కలు పుస్తకంలో చూశాడు, నేను చేతిలో చూశాను అనుకున్నాను. ఆ పూటే పాడయ్యాను నేను.

మొదట బందరులో వేశారు. సారు స్కూటరు మీద తిరుగుతూ చూస్తుండేవాడు కాబట్టి అక్కడ ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశాను. నిజం చెప్పాలంటే ఆ మూడు రోజులూ నాకు బాగుంది. ఒకచోట నిలబడి మనుషుల్నే చూస్తుంటే తెలియని సంగతులు తెలిశాయి. తెల్ల చారలు గీసిన చోట ఎవరూ దాటరు. నీడ ఉన్నచోట దాటుతారు. ముసలివాళ్లు అంచున ఆగి, ఎవరో ఒకరు అడుగు వేసేదాకా చూసి వాళ్ల వెనకాల పోతారు. బురఖా వేసుకున్న తల్లులు బండ్లు వచ్చే వైపు తాముండి, బిడ్డని రెండో వైపు పట్టుకుంటారు. సగం దూరం పోయాక చెయ్యి మారుస్తారు, అక్కణ్ణించి బండ్లు రెండో వైపు నుంచి వస్తాయి కదా. ఇన్నేళ్లూ నేనూ అదే రోడ్డు దాటాను, ఒక్కటీ చూడలేదు.

తర్వాత గుడివాడలో వేశారు. స్టేషనులోంచి వచ్చి మార్కెట్టు వైపు దాటే చోటు. పొద్దున ఆరింటి నుంచి పదింటి దాకా ఒక్కణ్ణే. మూడు రోజుల పని.

మొదటి రోజు ఆరున్నర దాటాక బందరు పాసింజరు వచ్చింది. అప్పటిదాకా కుక్కలు పడుకున్న రోడ్డు మీదికి ఒక్కసారిగా ఆడవాళ్లు వచ్చిపడ్డారు. నెత్తి మీద ఎండుచేపల గంపలు, కూర గంపలు, చంకల్లో సంచులు. నా బొటనవేలు నొప్పెట్టింది. పది నిమిషాల్లో మళ్లీ ఎవరూ లేరు.

అందరికంటే వెనకాల ఒకామె వచ్చింది. అరవై దాటి ఉంటాయి. ఎడమ మోకాలు వంగదు, అడుగు పక్కకి వేస్తుంది. పుట్టింది దివిసీమలో, బందరు కోడలు, గుడివాడలో బేరం, ఇవన్నీ నేను అడక్కుండానే చెప్పింది. చేతిలో డబ్బా చూసి అదేంటని అడిగింది. చెప్పాను. సందు సంగతి చెప్పగానే ఆమె మొహంలో నవ్వు పోయింది. ఇక్కడ మూస్తే సెంటరు దాకా పోయి మళ్లీ వెనక్కి రావాలని, గంపతో అంత దూరం తన కాలు నడవదని, బేరం మానుకోవాల్సిందేనని అంది.

"నన్ను నొక్కావా అల్లుడూ?"

"నొక్కాను అత్తా."

"ముసల్దాని గళ్లోనా, మోత గళ్లోనా?"

"మోతలో."

"రెండిట్లోనూ నొక్కు. రెండూ నేనేగా."

అలా కుదరదన్నాను. సరే, బందరు బండిలో దిగినవాళ్లని ఒక్కళ్లని కూడా వదలొద్దంది. వదలనని మాటిచ్చాను. గంప దించి, గుప్పెడు ఎండురొయ్యలు కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది. ఆ రాత్రి మా ఇంట్లో వంకాయలో వేసుకుని తిన్నాం.

రెండో రోజు అడిగేవాడు లేడు. సారు వేరే ఊళ్లో ఉన్నాడని మా బావమరిది చెప్పాడు. ఆరింటికి నిలబడి ఐదు నిమిషాలు లెక్కపెట్టాను. ఏడెనిమిది మంది దాటారు. మోత ఒక్కటే, పాలవాడు. నా చేతిలో ఇరవై ఏళ్ల లెక్క ఉందనుకున్నాను. గిన్నె లెక్క కట్టి ఆ గంటలోని నాలుగు పావుగంటల గళ్లూ అప్పుడే నింపేశాను. అన్ని గళ్లలో ఒకే అంకె ఉంటే అనుమానం వస్తుందని, ఒకదాంట్లో రెండు పెంచాను, ఇంకోదాంట్లో ఒకటి తగ్గించాను. తెలియక చేశానని చెప్పుకోవడానికి లేకుండా ఆ పెంచడం తగ్గించడమే నన్ను పట్టిస్తుంది. తెలియనివాడు అలా చెయ్యడు.

తర్వాత టీ కొట్టు బల్ల మీద రోడ్డుకి వీపు పెట్టి కూర్చున్నాను. చెరువుల సంగతులు తెలిసిన మనిషి ఒకాయన దొరికాడు. రొయ్యకి తెల్లమచ్చ రోగం గురించి మాట్లాడుకుంటున్నాం. పాసింజరు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. నా వెనకాల అడుగుల చప్పుడు, గాజుల చప్పుడు, మాటలు, అన్నీ వినపడ్డాయి. తిరగలేదు. చివర్న ఆ మాట వినపడింది.

"అల్లుడూ, నొక్కావా?"

నేను తిరిగి, డబ్బా పైకెత్తి, ఆమెకి కనిపించేలా ఒకసారి నొక్కాను. ఆమె నవ్వుకుంటూ దాటింది. ఆ నొక్కు ఏ గళ్లోనూ పడలేదు. గళ్లు అప్పటికే నిండిపోయాయి కదా.

మూడో రోజు కూడా అంతే.

సీడు లెక్కలో ఒక సంగతి ఉంది, అది అప్పుడు నాకు తట్టలేదు. గిన్నె ముంచే ముందు తొట్టిలో నీళ్లని చేత్తో కలియబెడతాం. పిల్లలు ఒక మూల గుంపు కడతాయి, కలియబెడితే అంతటా సమంగా వస్తాయి, అప్పుడే ఏ గిన్నె తీసినా ఒకటే. రోడ్డు మీద మనుషుల్ని ఎవరు కలియబెడతారు? రైలు వచ్చినప్పుడు వస్తారు, లేనప్పుడు లేరు. నేను గుంపు లేని మూల ముంచి, తొట్టి మొత్తం ఇంతే అని రాసిచ్చాను.

ఇంతటితో ఆగినా బాగుండేది. నాలుగు రోజుల తర్వాత సారు ఫోన్ చేశాడు. మొదటి రోజు ఆరున్నర తర్వాత గళ్లో మోతవాళ్లు అంతమంది ఉన్నారు, మిగతా రెండు రోజులూ అదే వేళకి దాదాపు ఎవరూ లేరు, ఏంటండీ అని అడిగాడు. తిట్టడానికి కాదు, మామూలుగానే అడిగాడు. తప్పయిపోయిందండీ, ఇంకో రెండు రోజులు నిలబడతాను అంటే సరిపోయేది. నా నోటికి ఇంకోటి వచ్చింది.

"మొదటి రోజు బందరు నుంచి పెళ్లివాళ్లు దిగారండీ. సామాన్లతో."

"ఓహో. అయితే అది రోజూ ఉండేది కాదన్నమాట."

"కాదండీ."

ఆ రోజు లెక్క పక్కన పెట్టేస్తామన్నాడు. మూడు రోజుల్లో నిజంగా లెక్కపెట్టింది ఆ ఒక్క రోజే. దాన్ని కూడా నేనే తీయించేశాను.

నెలలు గడిచాయి. నేను వేరే ఊళ్లలో ఇంకో రెండు చోట్ల లెక్కపెట్టాను. పామర్రులో నన్ను మెచ్చుకున్నారు కూడా. ఒక రోజు కాలికి మందు తెచ్చుకోవడానికి పొద్దున్నే గుడివాడ వెళ్లాను. స్టేషను ముందు డివైడరు లేచింది. నడుమెత్తు సిమెంటు గోడ, పైన ఇనప గొట్టం. సందు లేదు.

పాసింజరు వచ్చి కాసేపయింది. చాలామంది ఆడవాళ్లు సెంటరు వైపు వరసగా నడిచిపోతున్నారు. నన్ను అల్లుడూ అన్న ఆమె పోలేదు. తోటి ఆడమనిషిని గోడ అవతలికి ఎక్కించి, గంప అందించి, తను కూడా ఎక్కబోయింది. వంగే కాలు అటు వేసింది. వంగని కాలు ఇటే ఉండిపోయింది. చీర గొట్టానికి పట్టుకుంది. అటూ కాక ఇటూ కాక గోడ మీద కూర్చుండిపోయింది. రెండు వైపులా బండ్లు ఆగి హారన్లు కొడుతున్నాయి. మోటారు సైకిలు మీద ఒకడు, "మామ్మా, గుర్రం కదలట్లేదా?" అన్నాడు. అందరూ నవ్వారు. ముందు ఆమె కూడా నవ్వింది. తర్వాత చీర మోకాలి పైకి పోయింది. కిందికి లాక్కోవడానికి చెయ్యి వదిలితే పడిపోతుంది. అప్పుడు నవ్వలేదు, తల దించుకుంది.

నేను పదిహేను అడుగుల దూరంలో ఉన్నాను. పోయి చెయ్యి ఇస్తే దిగిపోయేది. నేను టీ కొట్టు గోనె పరదా వెనక్కి జరిగాను. ఆమె నన్ను చూస్తుందేమోనని. అల్లుడూ అని పిలుస్తుందేమోనని. అవతలి ఆడమనిషే చీర లాగింది. చిరిగిన చప్పుడు నాకు వినపడింది.

టీ కొట్టాయన పాలు తిరగపోస్తూ నా వైపు చూశాడు.

"నువ్వేగా రాసింది? ఇక్కడే కూర్చుని."

ఆయన మళ్లీ పాల వైపు తిరిగాడు. నేను మందు కొనకుండానే బస్సెక్కాను.

తర్వాత వచ్చినవే నేను చెప్పిన ఆ రెండు ఆదివారాలు. మూడో ఆదివారం చర్చికి వెళ్లలేదు. సోమవారం బందరులో కంపెనీ వాళ్లు ఉంటున్న గదికి వెళ్లాను. సారు కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు. ఐదు నిమిషాలు చూసి గంట రాయడం, పెళ్లివాళ్లు లేకపోవడం, మొత్తం చెప్పేశాను. కాగితం మీద రాసిస్తారా అని అడిగాడు. రాశాను. నాలుగు వాక్యాలు రాయడానికి అరగంట పట్టింది. సీడు రసీదుల మీద వందలసార్లు పెట్టిన సంతకమే దాని కింద పెట్టాను. ఇక మీదట మిమ్మల్ని ఈ పనికి పిలవలేమండీ అన్నాడు. నేను మిగతా ఊళ్లలో రాసినవి కూడా మళ్లీ చూడాలన్నాడు. అవి సరైనవే. కానీ ఆ మాట అనడానికి నాకు నోరెక్కడిది?

మళ్లీ లెక్కపెట్టడానికి ఇద్దరు డిగ్రీ అమ్మాయిలని వేశారు. ఐదు రోజులు చేశారట. ఆ కాగితం పైకి పంపామని, గోడ పగలగొట్టి సందు తీయడం మాత్రం మా చేతుల్లో లేదని సారు చెప్పాడు.

ఇక ఆమెకి చెప్పడం మిగిలింది. మార్కెట్టులో ఎండుచేపల వరసలో కూర్చుని ఉంది. నన్ను చూసి, ఏమయ్యా అల్లుడూ ఇన్నాళ్లకి కనపడ్డావు, మనం దాటే దారి ఎవడో మూసేశాడు చూశావా అంది. ఎవడో అంది. నేను గొంతుక్కూర్చుని చెప్పాను. ఈగలు తోలుకుంటూ విన్నది. డబ్బా ఊరికే నొక్కి చూపించిన దగ్గర చెయ్యి ఆగింది.

"నాకు చూపించడానికి నొక్కావా?"

"ఊఁ."

"నేను నవ్వుకుంటా పోయానే."

తిడితే బాగుండునని చూశాను. ఆమె పక్కకి తిరిగి ఒక బేరం చేసింది. కాగితంలో చుట్టి ఇచ్చి, మళ్లీ నా వైపు తిరిగింది.

"నాకైతే చెప్పావు. ఆ బండిలో దిగేవాళ్లందరికీ ఎవరు చెబుతారు? నేను చెప్పను. రేపు బండి వేళకి రా."

మర్నాడు ముదినేపల్లిలో మొదటి బస్సెక్కి వెళ్లాను. స్టేషను మెట్ల దగ్గర నిలబడ్డాను. బండి దిగి అందరూ వచ్చారు. ఆమె వాళ్లని ఆపి, ఈయన ఏదో చెబుతాడంట వినండి అంది. చర్చిలో రానిది అక్కడ వచ్చింది. గట్టిగా రాలేదు. వెనకాల వాళ్లు వినపడలేదంటే మళ్లీ చెప్పాను. ఒకామె ఉమ్మేసి పోయింది. ఇంకొకామె, కళ్లు పోయినోడికి లెక్క పనిచ్చారా అంది. కొందరికి సగమే అర్థమైంది, బేరానికి టైమైపోతుందని నడిచారు. నా మొహం చూసినవాళ్లు తక్కువ. అదే ఎక్కువ కష్టమైంది.

అందరూ పోయాక ఆమె గంప దించి, నా వైపు జరిపింది. నేను తువ్వాలు చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకున్నాను. ఆమే గంప ఎత్తి పెట్టింది. సెంటరు దాకా నడిచాం, అక్కడ దాటి, మళ్లీ వెనక్కి నడిచాం. ఆమె రెండుసార్లు ఆగింది. నేనూ ఆగాను. మెడ పట్టేసింది, కాలి పుండు మళ్లీ మంట పెట్టింది. దారిలో మా ఊరివాళ్లు ఒకరిద్దరు కనపడి, ఇదేంటి మావయ్యా ఈ బేరం అన్నారు. గంప సర్దుకుని నడిచాను.

మార్కెట్టులో గంప దించాక, మెడ రుద్దుకుంటూ నిలబడ్డాను. ఆమె చేపలు పరుచుకుంటూ తలెత్తకుండా అడిగింది.

"రేపు వస్తావా?"

"వస్తాను అత్తా."

"సందు తీసిందాకా."

"సరే."

గోడ ఇంకా అలాగే ఉంది. పొద్దున్నే వెళ్తున్నాను.